వెండి కళ్ళ గొడ్డలి

థర్మకోల్‌కి రంగు పూస్తే రాయైపోతుందని నమ్మిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే, ఇది రాస్తున్నది వాడే. పోయిన నెలలో ఒక పూటంతా ఒక బడి వరండాలో చాప మీద కూర్చుని, జారిపోతున్న కళ్ళజోడును మోచేత్తో ఎగదోసుకుంటూ, థర్మకోల్ గొడ్డళ్ళకి బూడిదరంగు పూశాను. రిటైరయ్యాక నాకు దొరికిన ఉద్యోగం అది. అదీ అడిగి మరీ తెచ్చుకున్నది.

మా మనవరాలు మూడో తరగతి. వాళ్ళ బళ్ళో 'ఆదిమానవుడి వర్క్‌షాప్' పెడుతున్నామని, ఇళ్ళలో పెద్దవాళ్ళెవరైనా వచ్చి పిల్లలకి నాలుగు మాటలు చెప్పవచ్చని కబురొచ్చింది. ఖాళీగా ఉన్నవాడికి పిలుపు రావడమే గొప్ప, ఎందుకు పిలిచారో ఎవడు చూస్తాడు? వాగులో ఏరిన పలుగురాళ్ళు, గులకరాళ్ళు గోనెసంచిలో వేసుకుని ఆటోలో వెళ్ళి దిగాను. గేటు దగ్గరే కరస్పాండెంటు గారు ఎదురయ్యారు. బడి ఆయనదే. చిన్న వయసు, మంచి మర్యాద, ఇస్త్రీ నలగని చొక్కా.

"సంచిలో ఏంటి సార్?"

"రాళ్ళండి."

"రాళ్ళా! పిల్లల చేతికి రాళ్ళిస్తే పేరెంట్స్ అవే తీసుకుని నా మీద వేస్తారు సార్."

"రాతియుగం కదండీ మరి" అన్నాను.

"యుగం ఉంచుకుందాం సార్. రాయి తీసేద్దాం."

అలా నా సంచి వాచ్‌మన్ గదిలోకి వెళ్ళింది, నేను వరండాలోకి వెళ్ళాను. నా చేతికి కుంచె ఇచ్చారు. మధ్యాహ్నానికి పిల్లలు యూనిఫారం మీద కాగితపు ఆకులు కట్టుకుని వచ్చి, ఆ గొడ్డళ్ళు పట్టుకుని ఫోటోలు దిగారు. ఒకడు గొడ్డలితో ఈగను తోలబోతే గొడ్డలి విరిగింది. ఈగ బాగానే ఉంది.

ఇంటికి వస్తుంటే ఆటోలో మనవరాలు తన గొడ్డలిని ఊదింది. అది ఒళ్ళోంచి ఎగిరి కిందపడింది. "తాతయ్యా, నిజం గొడ్డలి ఎంత బరువుంటుంది?" అని అరచేయి చాపింది. చెప్పబోయాను.  మాటకంటే ముందు నా అరచేతికి ఠక్కున గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా చెయ్యి కాస్త కిందికి వంగింది.

ఆ బరువు నేను మోసింది మా మనవరాలికంటే కొంచెం పెద్ద వయసులో.

మా ఊరు దర్శికి అవతల. అప్పట్లో బస్సు ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి మా ఊరి నడక మొదలయ్యేది. అంతా నల్లరేగడి. వానొస్తే చెప్పులు తను ఉంచుకుని మనిషిని పంపేది, ఎండొస్తే నోళ్ళు తెరుచుకుని పడి ఉండేది. మాఘమాసానికి ఊరి చుట్టూ కల్లాలు ఎర్రబడేవి. ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలితోపాటు బళ్ళోకి వచ్చి మాతోపాటే హాజరు వేయించుకునేది. ప్రార్థన మధ్యలో తుమ్ములు, ఎక్కాల మధ్యలో తుమ్ములు. "ఏడెనిమిదులు?" అని అడిగితే నేను తుమ్మేవాణ్ణి. లెక్కలు రానివాడికి మిరపకాయను మించిన స్నేహితుడు లేడు. ఇంటికొస్తే ముందుగదిలో పత్తి రాశి, కప్పు దాకా. అందులోకి దూకితే ఎండ వాసన వేసేది. దూకినందుకు నాయనమ్మ కొట్టే దెబ్బలు కూడా ఆ పత్తిలోనే మెత్తగా తగిలేవి.

మా బడికి ఇద్దరే. ఒకరు హెడ్మాస్టారు. రెండోవారు టీచరమ్మ, ఊరి చివర ప్రార్థన మందిరంలో ఉండే పాస్టరు గారి భార్య. ఎండైనా మబ్బైనా ఆవిడ చేతిలో నల్ల గొడుగు ఉండేది. ఆ ఏడాది ఆదిమానవుడి పాఠం వచ్చినప్పుడు ఆవిడ పుస్తకం మూసేశారు. మూయడం మాకు బాగా నచ్చింది. ఇంకే టీచరూ అంత దూరం వెళ్ళలేదు.

"ఈ బొమ్మ వేసినాయన ఆ మనిషిని చూడలేదు. పాఠం రాసినాయనా చూడలేదు. నేనూ చూడలేదు. ఆయన చేతిలో రాయిని మాత్రం ట్రైనింగులో ఒకసారి పట్టుకున్నాను. పట్టుకుంటే తెలుస్తుందర్రా. చెబితే తెలియదు" అన్నారు. తర్వాత ఆ మనిషి ఏం తినేవాడో, ఏం తినేవాడు కాదో చెబుతూ, "ఆయనకి మిరపకాయంటే ఏంటో తెలియదు" అన్నారు.

తరగతి మొత్తం కొయ్యబారిపోయింది. నా పక్కన కూర్చునే నేస్తం లేచి నిలబడ్డాడు. దూదేకుల సాయిబు గారి అబ్బాయి. వాళ్ళ నాన్న ఇంటింటికీ తిరిగి పరుపులకి దూది ఏకేవాడు.

"మరి అన్నంలోకి ఏం నంజుకునేవాడు టీచర్?"

"అన్నమూ లేదు."

"గోంగూర?"

"ఆకేదన్నా దొరికితే నమిలేవాడేమో. ఉప్పూ కారం లేకుండా."

వెనక వరసలోంచి ఒక ఆడపిల్ల జాలిగా అంది: "పాపం, అందుకే చచ్చిపోయాడు."

టీచరమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మా నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "కారం లేకుండా బతికాడంటే మొండిఘటమే" అంది గౌరవంగా.

ఆ వారం చివర టీచరమ్మ మమ్మల్ని గుండ్లకమ్మలో కలిసే వాగు దగ్గరికి తీసుకెళ్ళారు. సద్దిమూటలు కట్టుకుని, ఎండిన పత్తికట్టె చేల గట్ల మీదుగా వరసగా నడిచాం. నేను సద్దిని వాగు చేరకముందే సగం తినేశాను. ఆవిడ గొడుగు ఇసకలో గుచ్చి, చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చుని, ఒక గులకరాయిని ఇంకో రాయితో ఏటవాలుగా కొట్టారు. పెంకు ఊడింది. దాని అంచు వేలికి తగిలితే జివ్వుమంది. "ఇదీ కత్తి. కమ్మరి లేడు, కొలిమి లేదు. ఇక మీరు కొట్టండి."

కొట్టాం. నా రాయి తప్ప అందరి రాళ్ళూ పగిలాయి. నా బొటనవేలు మాత్రం నల్లబడింది. ఆ రోజుకి నేను కనిపెట్టిన పనిముట్టు అరుపు. చివరికి నాకూ ఒక పెంకు ఊడొచ్చింది. కత్తులైతే వచ్చాయి, మరి వాటితో ఏం కోయాలి? సద్దిమూటల్లో పచ్చిమిరపకాయలున్నాయి. కోసి చూసుకున్నాం, చక్కగా తెగాయి. చెమట పట్టిందని ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. వాడి ఏడుపు చూసి నవ్వి ఇంకొకడు తుడుచుకున్నాడు. కాసేపట్లో తరగతి మొత్తం వాగులో ముఖం పెట్టి ఏడుస్తోంది. కత్తి దొరికిన రోజున మనిషి ఎందుకు ఏడ్చాడో ఏ పుస్తకంలోనూ లేదు, నాకు మాత్రం తెలుసు.

ఎర్రబడ్డ కళ్ళతో ఊళ్ళోకి వస్తున్న మమ్మల్ని హెడ్మాస్టారు అరుగు మీంచి చూశారు.

"ఏంటమ్మా ఇది? రాళ్ళు కొట్టడానికి బడెందుకు? రోడ్డు కాంట్రాక్టరు దగ్గరికి పంపితే కూలన్నా వస్తది."

"పాఠమేనండి. ఇంకో పాఠం కూడా ఉంది. బండి కట్టించుకుని రాక్షసిగుళ్ళకి తీసుకెళ్తానండి."

రాక్షసిగుళ్ళంటే మా ఊరికి దూరంగా గట్టు మీద నిలబెట్టిన పెద్ద పెద్ద రాతిపలకలు, పైన కప్పుగా ఇంకో పలక. ఎప్పటివో, ఎవరివో తెలియని పాత సమాధులని టీచరమ్మ చెప్పారు. రాక్షసులు కాపురమున్న ఇళ్ళని మా నాయనమ్మ చెప్పింది. ఎవరి మాట నిజమైనా మాకు వెళ్ళాలనే ఉంది. గొర్రెలు కాసేవాళ్ళు తప్ప అక్కడికి వెళ్ళినవాళ్ళు లేరు. పైగా ఎడ్లబండి. పైగా బడి ఎగ్గొట్టకుండానే బడి ఎగ్గొట్టడం.

హెడ్మాస్టారు తల అడ్డంగా ఊపారు. "ఇన్‌స్పెక్షనుకి డిప్యూటీ గారొస్తున్నారు. ఆయన సరేనంటే తీసుకెళ్ళండి. ఆయన సరేననాలంటే చూపించడానికి ఏదన్నా ఉండాలి. ఈ పెంకులు చూపిస్తే నవ్వుతారు."

ఆ మాట నా బుర్రలో గుచ్చుకుంది. ఏదన్నా ఉండాలి. పొలానికి వెళ్తే ప్రతి రాయినీ తిరగేసేవాణ్ణి. "ఒరేయ్, వీడికేమైందిరా, నడుస్తూ నేలతో మాట్లాడతన్నాడు" అనేవాళ్ళు పత్తి తీసే ఆడవాళ్ళు.

దొరికింది చేలో కాదు, మా కల్లంలో. రాత్రి మంచు పడితే కాయ రంగు పోతుందని సాయంత్రానికి మిరపరాశి మీద గోనెపట్టా కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్ళు పెట్టేవాళ్ళు. ఏళ్ళ తరబడి అవే రాళ్ళు. నేనూ వాటి మీద కూర్చున్నవాణ్ణే. ఆ సాయంత్రం ఒక మూల బరువుగా పెట్టిన మట్టిగడ్డలాంటి రాయి చేతికి తగిలింది. ఒక వైపు లావు, ఒక వైపు పలచన. పలచటి వైపు వేలితో గీస్తే మట్టి రాలి నున్నటి అంచు తేలింది. గోలెం దగ్గరికి పరిగెత్తి పీచు పెట్టి తోమాను. ఆకుపచ్చ నలుపు. తడిస్తే దున్నపోతు వీపులా మెరిసింది. అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి దానంతట అదే మూసుకుంది. ఎవరో నా చెయ్యి కొలిచి చేసినట్టుంది.

రాయిని చొక్కాలో దాచుకుని వచ్చేశాను. దాని స్థానంలో ఇంకోటి పెట్టాలన్న జ్ఞానం ఎవడికి ఉంటుంది? రాత్రి పట్టా మూల ఎగిరింది, మంచు పడింది, ఆ వైపు కాయలన్నీ తెల్లబడి తాలు అయ్యాయి. వేల ఏళ్ళ నాటి గొడ్డలి తెచ్చుకుని, అప్పటికప్పుడు తాజాగా నాన్న చేతి దెబ్బలు తిన్నాను.

కానీ టీచరమ్మ ముఖం చూస్తే ఆ దెబ్బలు లెక్కలోకి రాలేదు. ఆవిడ కొంగుతో రాయిని తుడిచి, రెండు చేతుల్లో పట్టుకుని, చెంపకి ఆనించుకున్నారు.

"ఎక్కడిదిరా నాన్నా?"

"మా కల్లంలో పట్టా మీదదండి."

"పట్టా మీద!" అని నవ్వారు. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి. ఈసారి మిరపకాయ వల్ల కాదు. "దీన్ని చేసినాయన నెలల తరబడి ఇంకో రాయి మీద అరగదీసుంటాడు. ఇంత నునుపు ఊరికే రాదు."

ఆ రోజు పాఠం మొత్తం చేతులతోనే జరిగింది. ఒకడు తుమ్మకొమ్మ తెచ్చి చీల్చాడు. కట్టడానికి నార పనికిరాలేదు, జారిపోతోంది. మా నేస్తం చటుక్కున ఇంటికి పోయి వాళ్ళ నాన్న దూది ఏకే వింటికి కట్టుకునే నరం తెచ్చాడు. అది బిగిస్తే గొడ్డలి కదల్లేదు. టీచరమ్మ అందరినీ వరసగా పిలిచి పట్టుకోనిచ్చారు. కింద పడేస్తాడని పేరున్నవాడికి కూడా ఇచ్చారు. వాడు పడెయ్యలేదు. తుమ్మకంప మీద కొట్టి చూశాం. తెగింది. "డిప్యూటీ గారు వస్తే ఇలాగే కొట్టి చూపిద్దాం. బండికి ఎద్దులు ఎవరింట్లో ఉన్నాయో ఇప్పుడే చెప్పండి" అన్నారు. మా నేస్తానికి సాయంత్రం నరం తాలూకు బాకీ వీపు మీద తీరింది. అయినా మర్నాడు నవ్వుకుంటూనే వచ్చాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. రాత్రి అన్నాల దగ్గర నేను నోరు మూసుకుని తింటే కథ వేరేగా ఉండేది. నోరు మూసుకుని తినడం మాకు అలవాటు లేదు. రాయి రంగు చెప్పాను, నునుపు చెప్పాను, కోణంగా ఉంటుందని చేత్తో చూపించాను. నాయనమ్మ ముద్ద కలపడం ఆపేసింది.

తెల్లారి బడి గంట కొట్టకముందే ఆవిడ గొంతు గంటకంటే ముందు మోగింది.

"ఏమయ్యా పంతులూ, పిడుగురాయిని తెచ్చి పసిపిల్లల మధ్య పెట్టారంట! మతుందా మీకు?"

"పిడుగురాయా?" హెడ్మాస్టారు లేచి నిలబడ్డారు.

"కాకపోతే! పిడుగు పడ్డచోట నేల్లో దిగేది అదే. దాని తోబుట్టువులు ఇంకా పైనే ఉన్నాయి. కిందున్నదాన్ని వెతుక్కుంటా వస్తయ్యి. వస్తే నీ పెంకుల కప్పు చూస్తయ్యా, పిల్లల్ని చూస్తయ్యా?"

మా హెడ్మాస్టారు ఎవరికీ భయపడే మనిషి కాదు. కానీ ఎక్కడో ఉరిమితే చాలు, గుమ్మం కింద నిలబడి 'అర్జునా, ఫల్గుణా' అని గొణుక్కునేవారు. ఆయన అప్పుడే కప్పు వైపు చూడటం మొదలుపెట్టారు.

టీచరమ్మ ముందుకొచ్చారు. "పెద్దమ్మా, ఇది మనిషి చేసిన గొడ్డలి. చూడండి, ఇక్కడ అరగదీసిన గీతలు..."

నాయనమ్మ చూసింది. నిజంగానే చూసింది, కళ్ళు చికిలించుకుని. "గొడ్డలైతే మాత్రం? అమ్మవారి చేతిలో గొడ్డలుండకూడదా? నువ్వు గొడ్డలంటన్నావు, నేను పిడుగంటన్నా. రెండూ నరికేవేగా తల్లీ. దాని చోటుకి దాన్ని పోనీ."

"డిప్యూటీ గారు వచ్చి వెళ్ళేదాకా..."

"ఇచ్చెయ్యండమ్మా" అన్నారు హెడ్మాస్టారు, కప్పు మీంచి చూపు తీయకుండా.

నాయనమ్మ నరం విప్పి, తుమ్మకొమ్మ నా చేతిలో పెట్టి, రాయిని కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. నా గొడ్డలి పోయి నాకు కట్టె మిగిలింది.

ఊరి పక్కనే ఉన్న చిన్న గట్టు మీది అమ్మవారి దగ్గర రాయికి పసుపు పూశారు, కుంకుమ పెట్టారు. ఎవరో రెండు వెండి కళ్ళు తెచ్చి లక్కతో అతికించారు. కళ్ళు వచ్చాక ఇక అది రాయి కాదు. అది మనల్ని చూస్తుంది. మనల్ని చూసేదాన్ని బడికి తీసుకెళ్ళి తుమ్మకంప మీద కొట్టగలమా? సరిగ్గా అప్పుడే ఊళ్ళో పిల్లలకి గవదబిళ్ళలు వచ్చాయి. రాయిని పిల్లల చేతుల్లో పెట్టి, పసుపునీళ్ళతో దవడలకి తాకిస్తే తగ్గుతుందని వరస కట్టారు. నాకూ వచ్చాయి. నాయనమ్మ నన్ను లాక్కెళ్ళి నా గొడ్డలి నాకే చూపించి, నా దవడకే తాకించింది. వెండి కళ్ళు నన్ను ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూశాయి. బరువు మాత్రం మారలేదు.

డిప్యూటీ గారు జీపులో దిగిన రోజున నేను రెండు చెంపలూ బూరెల్లా పొంగి, పసుపు పూసుకుని, దవడ కిందనుంచి నెత్తిమీదికి తువ్వాలు కట్టుకుని ఉన్నాను. ఇంట్లో ఉండమన్నా వినలేదు. ఆ గొడ్డలి కనిపెట్టినవాణ్ణి నేను. అడిగితే చెప్పాల్సినవాణ్ణి నేను. నోరు తెరవలేనివాణ్ణీ నేనే.

టీచరమ్మ వెనక్కి తగ్గలేదు. రాయి డిప్యూటీ గారి దగ్గరికి రాలేకపోతే డిప్యూటీ గారే రాయి దగ్గరికి వెళ్తారని ఆవిడ ఆలోచన. "పిల్లలు కనిపెట్టిన ఒక పాత వస్తువు గట్టు మీద ఉందండి, నడిచి వెళ్ళి చూద్దాం" అన్నారు. హెడ్మాస్టారు పక్కనుంచి, "అమ్మవారు చాలా మహిమ గల తల్లి సార్, దర్శనం కూడా అయిపోతుంది" అని కలిపారు. ఆ కలపడంలోనే అంతా కలిసిపోయింది.

కల్లాల మధ్యనుంచి తుమ్ముకుంటూ ఊరేగింపుగా వెళ్ళాం. గట్టు కింద బాట దగ్గర టీచరమ్మ ఆగిపోయారు. ఎవరూ ఆగమనలేదు. మా ఊళ్ళో ఎవరు ఎక్కడిదాకా రావచ్చో ఎక్కడా రాసిపెట్టి లేదు, అందరికీ తెలుసు. తన కొంగుతో తుడిచిన రాయి, తన చెంపకి ఆనించుకున్న రాయి పైన పళ్ళెంలో ఉంది. ఆవిడ గొడుగు వేసుకుని కింద నిలబడ్డారు.

డిప్యూటీ గారు బూట్లు విప్పారు. కొబ్బరికాయ కొట్టించారు. పూజారి రాయిని పళ్ళెంతో సహా ఎత్తి చూపిస్తే కళ్ళకద్దుకున్నారు, కళ్ళు మూసుకుని చాలాసేపు మొక్కారు. బహుశా ఆయనకీ ఏదో ట్రాన్స్‌ఫరు కావాల్సి ఉంది. నుదుట ఇంత బొట్టుతో ప్రసన్నంగా దిగి వచ్చారు.

"మంచి క్షేత్రం. ఇక పదండమ్మా, పిల్లలు కనిపెట్టిన వస్తువన్నారు, ఎక్కడుంది? గొడ్డలట కదా, హెడ్మాస్టారు దారిలో చెప్పారు."

టీచరమ్మ ముఖంలో వెటకారం రవ్వంత లేదు. ఆనందంగా, గర్వంగా చెప్పారు:

"మీరు ఇప్పుడు మొక్కిందేనండి."

మా నేస్తం కిసుక్కుమన్నాడు. ఆ ఒక్క నవ్వు చాలింది. డిప్యూటీ గారి నుదురు ముడిపడి బొట్టు రెండుగా మడతపడింది.

"అంటే? నేను గొడ్డలికి మొక్కానా?"

"అది కాదండి, మన పూర్వీకులు..."

"నా పూర్వీకుల సంగతి మీరు చెప్పక్కర్లేదు."

చెప్పాలనుకున్నాను. అది నాకు దొరికిందని, పట్టా మీద ఉందని, తుమ్మకొమ్మ తెగిందని. తువ్వాల్లోంచి "మ్మ్మ్" అని మాత్రం వచ్చింది. "ఆ కుర్రాడికి నొప్పిగా ఉన్నట్టుంది, ఇంటికి పంపండి" అన్నారు ఆయన దయగా. జీపెక్కే ముందు అందరికీ వినిపించేలా చెప్పి వెళ్ళారు, బడి వేళల్లో పిల్లలు బడి గడప దాటడానికి వీల్లేదని.

బండి కట్టలేదు. రాక్షసిగుళ్ళు చూడలేదు. మర్నాడు టీచరమ్మ పుస్తకం తెరిచారు. అందులోని జుట్టు మనిషి బొమ్మ మమ్మల్ని చూశాడు, మేము వాణ్ణి చూశాం. ఇద్దరికీ విసుగ్గానే ఉంది.

ఆ వారంలోనే నాయనమ్మ పండుమిరపకాయ పచ్చడి జాడీ నాచేత టీచరమ్మ ఇంటికి పంపింది. ఎందుకో చెప్పలేదు. "ఎవరు పంపారు?" అని ఆవిడ అడిగితే, "మా నాయనమ్మండి" అన్నాను. మూత తీసి వాసన చూసి, "ఆదిమానవుడికి ఇది ఇచ్చుంటే ఊరు దాటేవాడు కాదురా" అన్నారు. నవ్వబోయారు, సగంలో ఆగిపోయింది. తర్వాతి ఏడాది పాస్టరు గారికి కనిగిరి వైపు బదిలీ అయింది. గొడుగు, పెట్టె, పచ్చడి జాడీ బండెక్కాయి. మా కోసం కట్టాల్సిన బండి ఆవిడ కోసం కట్టారు.

రాక్షసిగుళ్ళు నేను తర్వాతైనా చూసుండవచ్చు. ఉద్యోగం, పెళ్ళి, బద్ధకం. ఒకసారి తీరిక చేసుకుని వెళ్తే ఆ దూరపు గట్టే లేదు. కంకర క్వారీ వాళ్ళు తవ్వుకుపోయారు. పలకల్ని పిండి చేసి రోడ్డుకి పరిచారట. ఇప్పుడు మనం కార్లలో వాటి మీదుగానే ఏసీ వేసుకుని వెళ్తుంటాం. చివరికి ఆ రాళ్ళు రోడ్డు కాంట్రాక్టరుకే పనికొచ్చాయి. మా హెడ్మాస్టారు ముందే చెప్పారు.

మిగిలింది వెండి కళ్ళది ఒక్కటే. మా నాయనమ్మ మొండితనం వల్లే మిగిలింది. బళ్ళో ఉండుంటే ఏ అటక మీదికో చేరి, ఏ గోడలోనో కలిసిపోయేది. ఈ నిజం ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, ఇప్పటికీ ఇష్టంగా ఒప్పుకోను.

థర్మకోల్ పూట అయిన వారానికి కరస్పాండెంటు గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి సంచి లేదు.

"పరీక్షలొస్తున్నాయి కదండీ. మూడో తరగతి పిల్లల్ని మా ఊరి అమ్మవారి దగ్గరికి తీసుకెళ్తే బాగుంటుందేమో."

"అద్భుతం సార్! బస్సు ఏర్పాటు చేస్తాను. నేనూ వస్తాను."

రాయి అంటే గేటు దాటనివ్వలేదు. దేవత అంటే బస్సు పంపించాడు. ఇక గుళ్ళకి వెళ్ళే అలవాటు లేని ఇళ్ళవాళ్ళు కొందరున్నారు. ఒక తల్లి ఇబ్బందిగా, "మావాళ్ళు పంపరండి, ఏమనుకోకండి" అంది. "గుడికి కాదమ్మా, గొడ్డలికి" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాళ్ళందరూ పంపారు. అసలు సంగతి ముందుగా తెలిసింది వాళ్ళకే.

అమ్మవారి గట్టు మారిపోయింది. పలకరాళ్ళ చోట టైల్సు, గ్రిల్లు, సీలింగు ఫ్యాను, మైకు. బాట సిమెంటుది. కరస్పాండెంటు గారు బడి పేరు మీద ప్రత్యేక పూజ చేయించడానికి ముందే పైకి వెళ్ళారు. నేను పిల్లల్ని బాట మొదట్లో ఆపి, అక్కడ ఒకప్పుడు గొడుగు వేసుకుని నిలబడ్డ మనిషి గురించి చెప్పాను. పైకి వెళ్ళలేని మనిషి ఏమందో కూడా చెప్పాను. పిల్లలు కిందికి చూశారు, ఆవిడ పాదాల గుర్తులేమైనా ఉన్నాయేమోనని. సిమెంటు కదా.

పైన పూజ చేసేది ఇప్పుడు ఒక కుర్రాడు. "ఎవరి పిల్లలైనా పట్టుకోవచ్చు తాతా, దవడలు అందరికీ ఒకటేగా" అన్నాడు. వరసగా ఒక్కొక్కరి దోసిట్లో పెట్టాడు. వరస కదల్లేదు, పట్టుకున్నవాళ్ళు వదల్లేదు. మనవరాలి వంతు వచ్చింది. పసుపునీళ్ళు కారుతున్న రాయి దాని అరచేతుల్లోకి దిగగానే రెండు చేతులూ ఒక్కసారి కిందికి జారి, మళ్ళీ నిలదొక్కుకున్నాయి. బొటనవేలితో నెమ్మదిగా అంచు తడిమింది. నా వైపు తిరిగి తల ఊపింది.

ఆ పక్కనే కరస్పాండెంటు గారు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, నుదుట ఇంత బొట్టుతో చాలాసేపు మొక్కుతున్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సు కదలగానే ఆయన లేచి, సీటు పట్టుకుని, ఫోను వీడియోలో పెట్టారు. "చిల్డ్రన్! ఈ రోజు మనం ఏం చూశాం?"

"గొడ్డలీ!" అని బస్సు అరిచింది.

"గొడ్డలా?" ఆయన నవ్వారు. "గుళ్ళో గొడ్డలి ఎక్కడుందర్రా? నాకు కనిపించలేదే!"

ఆ మాట అనమని నేను నేర్పలేదు. కథ చెప్పానంతే. మూడో వరసలోంచి మా మనవరాలు మర్యాదగా, చేయి ఎత్తి మరీ చెప్పింది:

"మీరు ఇందాక మొక్కిందే సార్."

నాకీసారి దవడకి తువ్వాలు లేదు. నవ్వు ఆపుకోవాల్సిన అవసరమూ కనిపించలేదు. కరస్పాండెంటు గారి చేయి బొట్టు తుడుచుకోవడానికి లేచి, తుడుచుకోవాలో ఉంచుకోవాలో తేలక, నుదుటి దగ్గరే ఆగిపోయింది. రెండో చేతిలో వీడియో ఇంకా తీస్తూనే ఉంది.